పండగ వంట ఇంకా తేలలేదు

నిన్న ఆసుపత్రిలో డ్యూటీ దిగి ఫోన్ తీస్తే మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆడబిడ్డ ఒక పోల్ పెట్టి ఉంది. ‘క్రిస్మస్‌కు ఏం చేద్దాం?’ అని ప్రశ్న. కింద మూడు జవాబులు ఇచ్చి, ఇష్టమొచ్చినదాన్ని నొక్కమంది. మొదటిది చికెన్ బిర్యానీ. రెండోది మటన్ బిర్యానీ. మూడోది, ‘ఎవరింట్లో వాళ్లు చేసుకుని మధ్యాహ్నం వీడియో కాల్‌లో కలుద్దాం’. నేను చూసేసరికి మూడోదానికే ఎక్కువమంది నొక్కారు. అందులో మా ఆయన కూడా ఒకడు. పొద్దున నా పక్కన కూర్చుని ఉగ్గాని తిన్న మనిషి, నాతో ఒక్క ముక్క అనకుండా హైదరాబాదులో ఉన్న చెల్లెలికి మాత్రం తన అభిప్రాయం తెలియజేసుకున్నాడు.

గుంటూరు వైపు పత్తి చేలల్లో ఉన్న మరిది ఇంకా ఏదీ నొక్కలేదు. చివర్లో ఆడబిడ్డ ఇంకో మాట రాసింది: ‘సాయంత్రంలోగా తేల్చేయండి. లీవు సంగతి చూసుకోవాలి.’

తేల్చేయండి అన్న మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. మా అత్త బతికి ఉంటే ఈ ఇంట్లో ఆ మాట అనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఆమె పోయి ఐదు నెలలు. ఆమె లేకుండా వస్తున్న మొదటి పండగ ఇది.

మా అత్తది కోసిగి దగ్గర ఒక పల్లె. ఆ వైపు తెలియనివాళ్లకు ఒక్క సంగతి చెప్పాలి. అక్కడ వానలు నమ్మడానికి లేదు. పంట ఏదో ఒకటి ఇంటికి చేరాక ఊళ్లో పని ఉండదు. అప్పుడు గేరికి గేరి, అంటే వీధికి వీధి, ఇళ్లకు తాళాలేసి సుగ్గికి పోతుంది. వలసను అక్కడ సుగ్గి అంటారు. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోయి, ఎండలు ముదిరాక తిరిగొస్తారు. కూలీలను కుదిర్చి తీసుకుపోయే మేస్త్రీ ఎప్పుడు లారీ తెస్తే అప్పుడు బయల్దేరాలి. ఆ లారీ సరిగ్గా క్రిస్మస్‌కు కాస్త అటో ఇటో వస్తుంది. పండగకు ముందే వచ్చిందంటే అంతే సంగతులు, ఆ ఏడు పండగ తలా ఒక చేలో.

మా అత్తకు ఆస్తి మీద గానీ నగ మీద గానీ పెద్దగా ఆశ ఉన్నట్టు నేను చూడలేదు. ఉన్న పంతమల్లా ఒక్కటే. క్రిస్మస్ రోజు మధ్యాహ్నం తన వాళ్లంతా తన ముంగిట్లో కూర్చుని తినాలి. మరుసటి రోజు లారీ వాళ్లను ఎక్కడికి తీసుకుపోయినా ఆమె అడ్డం చెప్పేది కాదు.

ఆమెను మొదట చూసింది కడపలో, మా ఇంట్లో, పెళ్లిచూపులప్పుడు. అందరూ నా మొహం చూస్తుంటే ఆమె నా కుడిచెయ్యి అందుకుని అరచెయ్యి పైకి తిప్పింది. మా నాన్న బడిపంతులు, ఆదివారం పూట చర్చిలో పిల్లలకు వాక్యం చెప్పే మనిషి. కాబోయే వియ్యపురాలు చేతిరేఖలు చూసే రకమేమోనని ఆయన మొహం మాడిపోయింది. ఆమె బొటనవేలితో నా అరచెయ్యి రెండుసార్లు నొక్కి, పక్కనున్న మా మామతో, “మెత్తగుండాది. ఏం పర్లేదు, నేర్చుకుంటాది” అని వదిలేసింది. పిల్ల నచ్చిందో లేదో మాత్రం చెప్పలేదు. రెండు రోజుల తర్వాత కబురు వచ్చేదాకా మా అమ్మకు నిద్ర లేదు.

తర్వాత తెలిసింది, ఎవరినైనా ఆమె పలకరించే తీరు అదేనని. సుగ్గి నుంచి వచ్చిన కొడుకుని బాగున్నావా అని అడగదు, చెయ్యి తిప్పి చూస్తుంది. పత్తికాయల మొనలు ఎక్కడ గీరాయో, మిరప ఘాటుకు ఎక్కడ తోలు లేచిందో చూసి, “ఊ, కడుక్కోపో” అంటుంది. బస్సు కండక్టరైన మా ఆయన వేళ్లకు టికెట్ల మెషీను ఇంకు అంటి ఉంటే దాన్ని కొంగుతో రుద్ది రుద్ది, పోకపోతే ఆ మెషీన్ని తిట్టేది.

మాకు పెళ్లయ్యి కర్నూలులో కాపురం పెట్టిన ఏడు, డిసెంబరు మొదటి ఆదివారం ఆమె ఫోన్ చేసింది.

“పాపా, పండక్కి ఏం చేద్దాం?”

నేను పొంగిపోయాను. కొత్త కోడల్ని సలహా అడిగే అత్త ఎంతమందికి దొరుకుతుంది? “మీరు ఏం చెప్తే అది అత్తా” అన్నాను మర్యాదగా.

“మీరా? ఈడ నాతోపాటు ఇంగెవరన్నా ఉండారా? నువ్వు అను. ఊరికే చెప్పు, ఏం చేద్దాం?”

నాలుగు రోజులు ఆలోచించాను. మా అమ్మకు ఫోన్ చేసి సంప్రదించాను. చివరికి బిర్యానీ అని చెప్పాను. ఆమె సంతోషంగా విని, “చూద్దాంలే. ఇంకా తేలలేదు” అంది.

ఆ ప్రశ్న నన్నొక్కదాన్నే అడగలేదని ఊరికి పోయాక గానీ తెలియలేదు. మరిదిని అడిగింది. అప్పటికింకా పెళ్లికాని ఆడబిడ్డను అడిగింది. గేరిలో ఎదురుపడ్డ ప్రతివాళ్లనూ అడిగింది. ఉత్తరాలిచ్చేవాణ్ని నిలబెట్టి అడిగింది. అడిగినవాళ్లంతా ఏదో ఒకటి చెప్పారు, చెప్పినదానికల్లా ఆమె దగ్గర ఒక వంక సిద్ధంగా ఉంది. మటన్ అంటే, “మీ మామకు పండ్లు యాడుండాయి?” పూరీలు అంటే, “నూనె మరక పోతాదా, కొత్త బట్టలకు?” చర్చి అయ్యగారు పాపం కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చాడు. ఆయన చేపల పులుసు అన్నాడట. “ఈ సీమకు చేపలు ఎట్ల వస్తాయి అయ్యగారూ, నడుచుకుంటా రావల్లనా?” అని అడిగితే ఆయన మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

పండగ ముందు రోజు ముంగిట్లో పెద్ద సభ. మేం, మరిది, ఆడబిడ్డ, మా మామ, పక్కిళ్ల వాళ్లు కలిసి పద్నాలుగు మంది. నేను కర్నూలు నుంచి బాసుమతి బియ్యం, మసాలా దినుసులు మోసుకుపోయాను. వాటిని ముందు పెట్టుకుని, అందరి మెప్పూ పొందుదామని ఒక మాట అన్నాను. “మీరెవరూ కష్టపడొద్దు అత్తా. బిర్యానీ నేనొక్కదాన్నే చేసేస్తా.”

అత్త చేస్తున్న పని ఆపి నా వైపు తిరిగింది.

“నువ్వొక్కదానివే చేస్తే మిగిల్నోళ్లు యాడికి పోవల్ల?”

అందులో కోపం లేదు, ఎగతాళీ లేదు. నిజంగానే అడిగింది. నాకు అది అర్థం కాక మూతి ముడుచుకుని లోపలికి పోయాను. రేపటి పండగకు ఏం వండాలో తెలియకుండానే ఆ రోజు అందరూ లేచి ఎవరి పనికి వాళ్లు పోయారు. ఎవరికీ బెంగ ఉన్నట్టు లేదు.

మరునాడు చర్చి నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ ఆమె, అప్పుడే తట్టినట్టు, “జొన్నరొట్టె, నాటుకోడి, సేమియా పాయసం చేసుకుంటే ఎట్లుంటాది?” అంది. పద్నాలుగు మందీ తలలూపి, “బాగుంటాది, బాగుంటాది” అన్నారు. అంత మంచి ఆలోచన ముందెవరికీ రాలేదే అన్నట్టు మొహాలు పెట్టారు. నేను మా ఆయన్ని పక్కకు లాగి అడిగాను. ప్రతి ఏడూ ఇదే చేస్తుందట. అయితే మూడు వారాలు ఊరందర్నీ అడగడం దేనికి అంటే, “అడుగుతాది అంతే” అన్నాడు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాడు, ఒక్కసారైనా దేనికని ఆలోచించలేదు.

ఆ రోజు నాకు అర్థమైంది సగమే. ఆమె వంటను వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టేది. ఖర్చు కాదు, చేతులు. పిండి జల్లించడానికి రెండు చేతులు. ఎసరు కాచి పోయడానికి రెండు. పిండి పిసకడానికి, రొట్టె తట్టడానికి, పెనం మీద తిప్పడానికి, పొయ్యిలోకి కందికట్టె ఎగదోయడానికి రెండేసి. కోడి బూరు పీకేవాళ్లు, రోట్లో మసాలా నూరేవాళ్లు, కొబ్బరి తురిమేవాళ్లు వేరే. పద్నాలుగు మందికీ పని పడింది. మా మామకు పళ్లు లేవు, చూపు ఆనదు, అయినా ఆయన చేతికి విసనకర్ర ఇచ్చి పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. ఎక్కువ చేతులు పట్టే వంట ఏదో అదే ఆమె పండగ వంట. బిర్యానీ ఆ లెక్కకు అందదు. దానికి ఒక మనిషి, ఒక పెద్ద గిన్నె చాలు.

నా మొదటి రొట్టె అంచులన్నీ చీలి, నడుమ చిల్లుపడి, పెనం మీదికి పోయేలోపే రెండు ముక్కలైంది. ఎవరైనా చూస్తారేమోనని కుక్కకు వేయబోయాను. అత్త చెయ్యి చాచి, “తే ఇట్ల. అది నాది” అంది. పండగనాడు అందరిలోకీ పాడైన రొట్టె ఏదో అది ఆమె తినేది. అది ఆమె నియమం. నేను కాపురానికి వచ్చాక ఆమెకు రొట్టెల కరువు లేకపోయింది.

తినేముందు ప్రార్థన ఆమే చేసేది. చదువు రాదు, వాక్యాలు నోటికి రావు. ఆమె ప్రార్థన అంతా పేర్లే. ముంగిట్లో ఉన్న ఒక్కొక్కరి పేరూ చెప్పి, “ఈడుండాడు ప్రభువా, ఈడుండాది ప్రభువా” అనేది. దేవుడికి హాజరు పట్టీ అప్పజెపుతున్నట్టు ఉండేది. రొట్టెలు చల్లారిపోతున్నాయని మరిది గొణిగేవాడు.

మూడో ఏడు మేస్త్రీ ముందే వచ్చాడు. ఇరవైమూడో తారీఖు పొద్దున లారీని గేరి మొగదాల నిలబెట్టి, నల్లబట్టలతో, మెడలో తులసిమాలతో మా ముంగిట్లోకి వచ్చాడు. ఆ ఏడు ఆయన అయ్యప్ప మాల వేసుకున్నాడు. మామూలు రోజుల్లో ఏమప్పా అని పిలిచే మా అత్త ఆ రోజు లేచి నిలబడి, “రా సామీ” అంది.

“అక్కా, రేప్పొద్దున బయల్దేరల్ల. సామాన్లు కట్టుకోండి. ఆడ రైతు ఫోన్ల మీద ఫోన్లు చేస్తాండాడు.”

“కట్టుకుంటాం సామీ. నడమ పండగొకటి ఉండాది గదా.”

“పండగ ఆడ చేసుకోండక్కా. యాడైనా ఆ యేసుసామే గదా.”

“ఆయన యాడైనా ఉంటాడు. నా పిల్లోళ్లు యాడుంటారో అది చెప్పు. అందరూ ఒక చేన్లోనే ఉంటారా?”

మేస్త్రీ తల గోక్కున్నాడు. అక్కడికి చేరాక ఎవరిని ఏ రైతు దగ్గరికి పంపుతాడో ఆయనకే తెలియదు. “నాలుగు దినాలు ముందు పోతే నాలుగు దుడ్లు ఎక్కువ గదక్కా” అన్నాడు మెల్లిగా.

“అది సరే. నువ్వేం తింటావు చెప్పు” అంది అత్త. “పండక్కి ఏం చేయల్లో ఇంకా తేలలేదు. అందర్నీ అడిగినా, నిన్నే అడగలేదు.”

ఆ గేరిలో ఒక నమ్మకం ఉంది. పండగ వంట ఏదో తేలకుండా ఊరి పొలిమేర దాటకూడదు, దాటితే ఆ ఏడు సుగ్గి అచ్చిరాదు. ఇది ఎప్పటి నుంచి ఉందని నేను తర్వాత ఆరా తీశాను. అడిగిన ప్రతివాళ్లూ, మీ అత్తే చెప్పింది అన్నారు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, గేరిలో ఆడవాళ్లంతా సామాన్లు కట్టడం ఆపి మా ముంగిట్లోకి వచ్చి కూర్చున్నారు. మా అత్త ఊ అనకుండా వాళ్లు లారీ ఎక్కరు.

“నేను మాలలో ఉండాగదక్కా” అన్నాడు మేస్త్రీ ఇబ్బందిగా. “బయట తినగూడదు. పగలు ఒక్క పూటే, అదీ నేనే వండుకోవల్ల.”

“వండుకో. వద్దన్నదెవరు? ఈడే వండుకో.”

అప్పటికప్పుడు ముంగిట్లో ఒక మూల పేడతో అలికించింది. మూడు రాళ్లు తెప్పించింది. బియ్యం, పెసరపప్పు, బెల్లం అంగడి నుంచి పొట్లాలు విప్పకుండా తెప్పించి, వాటిని తాను ముట్టకుండా ఆయన చేతికే ఇప్పించింది. కొత్త గిన్నె కొనిపించింది. నీళ్లు మాత్రం నువ్వే పట్టుకో సామీ అంది. ఆయన నిలబడి అన్నీ చూస్తూ ఉన్నాడు. ఇంత చేశాక కాదనడానికి ఆయనకు నోరు రాలేదు. గుంటూరు రైతుకు ఫోన్ కలిపాడు. బండి చెడిపోయిందని చెప్పు అని మరిది సైగ చేశాడు. మేస్త్రీ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, “మాలలో ఉండి అబద్ధం ఎట్ల చెప్తానప్పా” అన్నాడు. తర్వాత ఫోన్‌లో, “అన్నా, మూడు దినాలు పడతాదన్నా. ఈడ ఏం వండల్లో ఇంకా తేలలేదంట” అన్నాడు. అవతల రైతు ఏమన్నాడో మాకు వినపడలేదు గానీ మేస్త్రీ చాలాసేపు ఫోన్ చెవికి దూరంగా పట్టుకున్నాడు.

ఆ క్రిస్మస్ రోజు మా ముంగిట్లో రెండు పొయ్యిలు మండాయి. ఇటు మేం పదహారు మందిమి రొట్టెలు తడుతున్నాం, అటు మేస్త్రీ స్నానం చేసి ఒంటరిగా పొంగలి వండుకుంటున్నాడు. నాటుకోడి ఉడికే పొయ్యిని అత్త గాలివాటు చూసి ఆయనకు దూరంగా పెట్టించింది. పొంగలి దించాక ఆయన ఒక విస్తరాకులో కొంత తీసి అత్త ముందుకు తెచ్చాడు. ఆమె చెయ్యి చాపలేదు. ఆయన వైపు చూసింది. ఆమె సంకటం మా అందరికీ తెలుసు. వేరే దేవుడికి నైవేద్యం పెట్టినది ఆమె తినదు, చేతికిచ్చినదాన్ని వద్దంటే ఆయన మనసు నొచ్చుకుంటుంది.

మేస్త్రీయే చెప్పాడు. “మా సామికి ఇంకా పెట్టలేదక్కా. ముందు మీకు తీసినాంకనే పెడతా. మీ పద్ధతి నాకు తెలవదా?”

ఆమె విస్తరాకు రెండు చేతులా తీసుకుంది. ఆ పొంగలిని రొట్టెలో పెట్టుకుని తిని, తీపి కొంచెం తగ్గిందని కూడా చెప్పింది. ఆ ఏడు ప్రార్థనలో మేస్త్రీ పేరు కూడా వచ్చింది. ఈడుండాడు ప్రభువా అన్నప్పుడు ఆయన పొయ్యి దగ్గర లేచి నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నమే గిన్నెలు తోముతూ అడిగాను. “అత్తా, ఏం చేయాలో నీకు డిసెంబరు మొదటి తేదీకే తెలుసు కదా?”

“తెల్సు.”

“మరి తేలలేదు తేలలేదు అంటావెందుకు?”

“తేలిపోతే మీరు పోతారు” అంది బూడిద అందుకుంటూ.

కాసేపటికి ఆమే చెప్పింది. “నీ మొగుడు అప్పటికి చిన్నోడు, మా అమ్మ కాడ ఇడ్సిపెట్టింటిమి. చంటిపిల్ల సంకన ఉండాది. ఆ యేడు లారీ ముందే వచ్చె. మీ మామను ఒక చేనికేసిరి, నన్నొక చేనికేసిరి. పండగపొద్దు ఆ రైతు మంచోడు, మీ పండగంట గదమ్మా అని కోడినిచ్చె. ఎట్లాంటి కోడనుకున్నావు. నా జన్మలో అట్లాంటి కూర చేయలేదు. చేసినాంక చూస్తే తినేదానికి ఎవరుండారు? నేనుండా, పాలు తాగే పిల్లుండాది. మీ మామ మర్సటి దినం వచ్చె, సల్లారిన కూర ఏసిస్తి. మిరపకాయలు కోసిన చెయ్యి, ఎంత కడిగినా ఘాటు పోదు. ఆ చేత్తో తింటే కోడేది, కారమేది? బాగుండాదని చెప్పి తిన్న్యాడు. ఆ పొద్దే అనుకుంటి, ఇంగ పండగకు కూర బాగుంటే సాలదు, చేతులుండల్ల అని.”

ఆమె పంతం వల్ల అందరికీ మేలే జరిగిందని చెప్పలేను. ఒక ఏడు మేస్త్రీ విసిగిపోయి లారీని పక్క ఊరి వాళ్లతో నింపుకుని పోయాడు. మావాళ్లు పది రోజులు ఆలస్యంగా బస్సుల్లో పోతే మంచి చేలన్నీ వేరేవాళ్లకు దక్కాయి. మరిది ఆమెతో వారం రోజులు మాట్లాడలేదు. వాడు మాట్లాడకపోయినా అన్నం దగ్గర వాడి చెయ్యి తిప్పి చూడటం మాత్రం మానలేదు. ఆమె మొండి మనిషి. పండగకు సెలవు దొరకలేదని నేను ఏడ్చిన ఏడు కూడా, “నీ డాక్టర్ని నాతో మాట్లాడమను, ఆయనేం తింటాడో అడుగుతా” అనే తప్ప, పోనీలే అని అనలేదు. నాకు ఆమె మీద విసుగు రాలేదంటే అబద్ధమే అవుతుంది.

మా మామ పోయాక, మోకాళ్లు పట్టేశాక, ఆమెను కర్నూలు తెచ్చుకున్నాం. పండగ కూడా ఆమెతోపాటే మా అద్దె ఇంటి మిద్దె మీదికి వచ్చింది. పొగ వస్తుందని ఇంటి యజమానురాలు పైకి వచ్చింది. అత్త ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, “మీరేం తింటారమ్మా?” అని అడిగింది. ఆ ఏడు కొబ్బరి తురిమింది ఆ యజమానురాలే.

పోయిన క్రిస్మస్‌కు ఆమె చేతులు వణకడం మొదలుపెట్టాయి. రొట్టె తట్టలేకపోయింది. కుర్చీలో కూర్చుని అందరి చేతులూ చూస్తూ ఉంది. చివర్లో తన వంతు రొట్టె కోసం తట్టలో వెతికింది. నా రొట్టెలు ఆ రోజు ఎందుకో అన్నీ గుండ్రంగా వచ్చాయి, ఒక్కటీ చీలలేదు. “ఈసారి నాకేం లేదే” అని, నా చెయ్యి లాక్కుని తిప్పి చూసింది. బొటనవేలితో నొక్కింది. నొక్కడానికి ఆమెకు బలం చాల్లేదు. “గట్టిపడినాయి” అంది. నేను ఒక మంచి రొట్టెను విరిచి ఆమెకు పెట్టాను.

ఎండలు పోయి వానలు మొదలయ్యాక ఆమెను నేను పనిచేసే ఆసుపత్రిలోనే చేర్చాం. అందరూ వచ్చారు. హైదరాబాదు నుంచి ఆడబిడ్డ, ఊరి నుంచి మరిది, తోడికోడలు. ఆమెకు తెలివి ఉందో లేదో చూడటానికి డాక్టరు వంగి, “అవ్వా, పొద్దున ఏం తిన్నావు?” అని అడిగాడు. ఆమె కళ్లు తెరవకుండానే, “ఇంకా తేలలేదు” అంది. డాక్టరు మతి తప్పిందనుకుని చీటీలో ఏదో రాసుకున్నాడు. మంచం చుట్టూ ఉన్న మాకు తెలుసు, ఆమెకు మతి నిక్షేపంగా ఉందని. మమ్మల్ని ఇంకొన్నాళ్లు ఆపుకోవాలని చూసింది. ఆమె చేతికి సూది ఉండటంతో మేమే ఒక్కొక్కరం మా చెయ్యి తీసుకెళ్లి ఆమె వేళ్ల కింద పెట్టాం. ఎంతమందికి సూదులేసిన చెయ్యో నాది, దాన్ని అందరికన్నా చివర పెట్టి అక్కడే ఉంచాను. మర్నాడు పొద్దున పోయింది.

ఈ ఏడు లారీని ఆపే మనిషి లేదు. నవంబరు నెలాఖరుకే వచ్చింది, మరిదినీ తోడికోడలినీ ఎక్కించుకుపోయింది. డిసెంబరు మొదటి ఆదివారం నాకు ఎవరూ ఫోన్ చేయలేదు. ఆ రోజు ఫోన్ రాలేదన్న సంగతి కూడా నిన్న ఆ పోల్ చూసేదాకా నాకు తట్టలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

మూడు జవాబుల్లో ఏదీ నొక్కలేకపోయాను. ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి, టైప్ చేసి, చెరిపి, మళ్లీ టైప్ చేశాను. ‘ఇంకా తేలలేదు. అందరూ వచ్చినాక చూద్దాం.’

చూసినట్టు గుర్తులు పడ్డాయి. ఇంటికి వచ్చి బియ్యం కడిగి పెట్టాను. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, ఫోన్ చూసుకుని, నా మొహం చూడకుండా స్టూలు వేసుకుని అటక ఎక్కాడు. కాసేపు దుమ్ములో తుమ్మి, పిండి జల్లెడ తీసి కిందికి అందించాడు.

చీకటి పడేవేళకు గ్రూపులో పోల్ కనిపించలేదు. ఆడబిడ్డ తీసేసింది. దాని కింద, ‘కోడి బూరు పీకే పని నాకు చెప్పొద్దు, ముందే చెప్తాండా’ అని రాసింది.

మరిది ఎప్పటిలాగే టైప్ చేయలేదు, గొంతు రికార్డు చేసి పంపాడు. వెనక గాలి హోరు. తోడికోడలు ఎవరినో బట్టలు సర్దమంటోంది.

“వదినా, మేస్త్రీతో మాట్లాడినా. ఏమన్నా అంటాడేమో అనుకుంటి. మీ అమ్మ లేకపోయినా ఇంకా తేలలేదా అని నవ్వినాడు. ఇరవైనాలుగు పొద్దునకంతా మేం ఆడుంటాం. అంతవరకు తేల్చొద్దు.”